డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు పన్ను పీకించవచ్చా?

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీ నాన్నగారికి 58 ఏళ్ళు. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఏడాదిగా వారానికి 3 సార్లు హీమోడయాలసిస్ జరుగుతోంది. కింది దవడ పన్ను పుచ్చి నొప్పి పెడుతోంది, బ్రష్ చేస్తే చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది, నోరు ఎండిపోయి అదోరకమైన ఘాటు వాసన. చూపించిన పళ్ళ డాక్టరు "డయాలసిస్ పేషెంటు, నేను ముట్టుకోను" అన్నారు. ప్రస్తుతం మందుల షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ళలతో నెట్టుకొస్తున్నారు. పీకించవచ్చా, ఎప్పుడు పీకించాలి, ఏ మందులు వాడవచ్చు, ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు పళ్ళ సంగతి తేల్చుకోవాలా, టూత్‌పేస్టు మార్చాలా అని అడిగారు.

నేను పళ్ళ డాక్టరుని. కిడ్నీ విభాగం నుంచి పంపే పేషెంట్లను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను.

పీకించవచ్చు. డయాలసిస్ అయిన మర్నాడు ఉదయం, కిడ్నీ డాక్టరుకి ముందే చెప్పి పీకించాలి. మామూలు మత్తు ఇంజెక్షన్‌తో, కుర్చీలో కూర్చోబెట్టి చేసే పనే. నొప్పి బిళ్ళలు మాత్రం ఇవాళే ఆపించండి. మీరు రాసింది చదివాక ఆ పన్ను కన్నా ఆ బిళ్ళల గురించే నాకు ఎక్కువ బెంగ పట్టుకుంది.

ముందు వాటి సంగతే చెప్తాను. పంటి నొప్పి అనగానే చేతిలో పెట్టే బిళ్ళల్లో చాలావరకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కెటోరొలాక్ జాతివే. ఇవి కిడ్నీలోకి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. "కిడ్నీలు ఎలాగూ పోయాయి, ఇంక చెడేదేముంది డాక్టరుగారూ" అని నన్ను చాలామంది అడిగారు. ఏడాది డయాలసిస్ తర్వాత కూడా కొందరికి రోజూ కొంత మూత్రం వస్తూనే ఉంటుంది. ఆ కాస్త మూత్రం వల్లే ఒంట్లో నీరు కొంత తక్కువ చేరుతుంది, నీళ్ళు తాగడానికి కాస్త వెసులుబాటు ఉంటుంది. దాన్ని పోగొట్టుకోకూడదు. పైగా ఈ బిళ్ళలు బీపీ పెంచుతాయి, పొట్టలో పుండ్లు చేసి రక్తం పోయేలా చేస్తాయి, కిడ్నీ జబ్బుతో అసలే మందకొడిగా ఉన్న ప్లేట్‌లెట్లను (రక్తం గడ్డకట్టించే కణాలను) ఇంకా మందగింపజేస్తాయి. రేపు పన్ను పీకబోయే మనిషికి ఈ చివరిది మరీ ముఖ్యం.

ఇందులో ఒక మోసం ఉంది. స్ట్రిప్ మీద పారాసెటమాల్ అని కనిపిస్తే చాలు, నిశ్చింతగా వేసేసుకుంటారు. అదే స్ట్రిప్ మీద కింద చిన్న అక్షరాల్లో ఎసిక్లోఫెనాక్ అనో డైక్లోఫెనాక్ అనో కూడా ఉంటుంది. పూర్తిగా చదవండి. ఒట్టి పారాసెటమాల్ అయితే వాడవచ్చు. 500 మిల్లీగ్రాముల బిళ్ళ 6 నుంచి 8 గంటలకు ఒకటి, రోజు మొత్తం మీద 3 గ్రాములు దాటకుండా. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే రకం మాత్రం వద్దు, అందులో సోడియం చాలా ఉంటుంది. దీనికీ తగ్గనంత నొప్పి ఉంటే కిడ్నీ డాక్టరునే అడగండి. ట్రమడాల్ లాంటివి ఇవ్వాల్సి వస్తే మోతాదు తగ్గించి ఇస్తారు. కోడీన్, మార్ఫిన్ లాంటివి కిడ్నీ పని చేయనివాళ్ళ ఒంట్లో పేరుకుపోతాయి, సొంతంగా వాటి జోలికి పోవద్దు.

ఇక మర్నాడే ఎందుకు అన్నది. డయాలసిస్ మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. దాని ప్రభావం కొన్ని గంటల్లో పోతుంది, మర్నాటికి ఉండదు. అదే రోజు పీకిస్తే ఆ హెపారిన్‌తోనే పీకించినట్టు. అలాగని ఇంకో రెండు రోజులు ఆగితే ఒంట్లో యూరియా వగైరా మళ్ళీ పేరుకుంటాయి. అవి పెరిగితే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవు. రిపోర్టులో సంఖ్య లక్షా యాభై వేలు ఉంటుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సంఖ్య బాగున్నంత మాత్రాన అవి పని చేస్తున్నట్టు కాదు. డయాలసిస్ అయిన మర్నాడు రక్తం శుభ్రంగా ఉంటుంది, హెపారిన్ పోయి ఉంటుంది, ఒంట్లో నీరు తగ్గి బీపీ అదుపులో ఉంటుంది, మనిషికి కాస్త ఓపిక కూడా వచ్చి ఉంటుంది.

హిమోగ్లోబిన్ కూడా చూసుకోవాలి. రక్తనాళంలో ఎర్ర కణాలు మధ్యలో దొర్లుతూ ప్లేట్‌లెట్లను అంచులకు నెడతాయి. గాయం పడేది అంచునే కాబట్టి అవి అక్కడ ఉంటేనే పని. రక్తం తక్కువైతే నెట్టేవాళ్ళు తక్కువ, ప్లేట్‌లెట్లు అంచుకు చేరవు. అందుకే హిమోగ్లోబిన్ బాగా పడిపోయి ఉంటే, అత్యవసరం కానప్పుడు, ముందు దాన్ని కొంత పెంచుకుని రమ్మంటాను.

డయాలసిస్ సెంటర్లో తప్పకుండా చెప్పాల్సింది: "నిన్న పన్ను పీకించాం, ఈసారి హెపారిన్ లేకుండా గానీ బాగా తగ్గించి గానీ చేయగలరా?" ఈ మాట చెప్పడం చాలామంది మరిచిపోతారు. ఒకావిడ వేరేచోట పన్ను పీకించుకున్నారు, పని చక్కగా చేశారు, ఇంటికొచ్చాక రక్తం చుక్క లేదు. మర్నాడు డయాలసిస్ మీద పడుకున్నారు. పన్ను సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, ఈవిడా చెప్పలేదు. ఎప్పటిలాగే హెపారిన్ ఎక్కించారు. మధ్యలో నోట్లోంచి రక్తం మొదలై దిండు తడిసేదాకా ఎవరూ గమనించలేదు. నా దగ్గరకు తెచ్చేసరికి పన్ను ఊడిన గుంటలో మెత్తటి నల్లగడ్డ ఒకటి పైకి ఉబికి ఉంది, దాని చుట్టూ రక్తం ఊరుతోంది. ఆ గడ్డ తీసేసి, లోపల కరిగిపోయే స్పాంజి పెట్టి, కుట్లు వేసి, రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్‌ మందులో తడిపిన దూది కొరికించి పట్టిస్తే ఆగింది. ముందే ఒక ఫోన్ చేసి ఉంటే ఆవిడకు ఆ రాత్రి తిప్పలు తప్పేవి.

అందుకని నేను డయాలసిస్ వాళ్ళకు పన్ను పీకితే రక్తం ఆగినా సరే కుట్లు వేసే పంపిస్తాను. ఒకేసారి నాలుగు పళ్ళు పీకను, ఒకటో రెండో చేసి ఎలా మానుతోందో చూస్తాను. ఇంటికి వెళ్ళాక చేయాల్సింది మామూలే: దూది అరగంట గట్టిగా కొరికి పట్టుకోవాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు, ఆ రోజంతా పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో పీల్చకూడదు, వేడివి తాగకూడదు. రక్తం ఎక్కువ పోతుందనుకున్నవాళ్ళకు డెస్మోప్రెసిన్ అనే మందు ఉంది, అది ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరు ఇప్పించాల్సిందే. ట్రానెక్సామిక్ యాసిడ్ బిళ్ళలు ఇంట్లో ఉన్నాయి కదా అని వేయకండి, అవి కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి, మోతాదు తగ్గించాల్సి ఉంటుంది. నోట్లో దూదితో పెట్టడం వేరు, మింగడం వేరు.

గుండె కోసం క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, వార్ఫారిన్ లాంటివి వాడుతుంటే వాటిని మీ అంతట మీరు ఆపకండి. చాలాసార్లు ఆపకుండానే ఒక పన్ను పీకవచ్చు. స్టెంట్ వేయించుకున్న మనిషి పన్ను కోసం మందు ఆపేస్తే గుండెకు ముప్పు రావచ్చు. పంటి నుంచి కారే రక్తాన్ని దూదితో నొక్కి ఆపుకోవచ్చు.

మీ నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి ఇంకోటి. కిడ్నీ పని చేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఖాళీ కడుపుతో తీసుకెళ్తే కుర్చీలోనే షుగర్ పడిపోవచ్చు. టిఫిన్ చేయించి తీసుకెళ్ళండి. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, ఆ చేతికి సూది గుచ్చనివ్వకండి. పెద్దాయన మొహమాటానికి చెప్పరు, మీరే చెప్పండి. ఇక మత్తు మందు సంగతి. లిగ్నోకైన్ లివర్‌లో విరిగిపోతుంది, కిడ్నీకి దాంతో పేచీ లేదు. అందులో కలిపే కొద్దిపాటి అడ్రినలిన్ కూడా బీపీ అదుపులో ఉంటే ఫరవాలేదు. పై బీపీ 180, కింది బీపీ 110 దాటి ఉంటే మాత్రం ఆ రోజు వద్దని నేనే పంపించేస్తాను.

యాంటీబయాటిక్స్ దగ్గర రెండు రకాల అతి చూస్తుంటాను. కొందరు అందరికీ రాసేస్తారు, కొందరు భయపడి అవసరమైనవాళ్ళకూ రాయరు. వాపు, జ్వరం, చీము లేని పంటి నొప్పికి యాంటీబయాటిక్ ఏమీ చేయదు. పన్ను లోపలి నరం వాచి ఉంటుంది, దానికి రూట్ కెనాల్ గానీ పీకడం గానీ మందు. అవసరమైతే ఎమోక్సిసిలిన్ మంచిదే, కానీ రోజుకి 3 సార్లు కాదు. కిడ్నీ ఎంత పని చేస్తోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ అంకె 30 లోపు ఉంటే 12 గంటలకు ఒకసారి, 10 లోపు ఉంటే రోజుకి ఒకసారి, డయాలసిస్ రోజున అది అయ్యాక వేసుకోవాలి. ముందే వేసుకుంటే మిషన్ మందుని కడిగేస్తుంది. క్లిండమైసిన్‌కి మోతాదు మార్చక్కర్లేదు. జెంటామైసిన్ ఇంజెక్షన్ మాత్రం పంటి కోసం ఎవరైనా చేస్తామంటే వద్దనండి. ఫిస్టులా ఉన్నంత మాత్రాన పన్ను పీకే ముందు ప్రత్యేకంగా యాంటీబయాటిక్ వేయాలని లేదు. కృత్రిమ గుండె కవాటం ఉన్నా, ఇంతకుముందు గుండె కవాటాలకు ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉన్నా వేయాల్సిందే. మెడ దగ్గర పెట్టిన గొట్టం (కాథెటర్) మీద డయాలసిస్ జరుగుతుంటే కిడ్నీ డాక్టరుని అడిగి నిర్ణయించుకుంటాం.

ఆ డాక్టరుగారు ముట్టుకోను అన్నందుకు కోపం తెచ్చుకోకండి. రక్తం ఆగకపోతే ఏం చేయాలన్న భయం అది. చేతిలో కాగితాలు ఏమీ లేకుండా వచ్చిన డయాలసిస్ పేషెంటుకి నేనూ ఆ రోజు పన్ను పీకను. ఈసారి ఇవన్నీ పట్టుకెళ్ళండి: వాడుతున్న మందులన్నీ, కొత్తగా చేయించిన హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష), పొటాషియం రిపోర్టులు, హెపటైటిస్ బి, సి పరీక్షల కాగితాలు, డయాలసిస్ ఏ రోజుల్లో ఎన్ని గంటలకు అన్నది, కిడ్నీ డాక్టరు ఫోన్ నంబరు. అప్పటికీ వద్దంటే డెంటల్ కాలేజీ గానీ, నోటి సర్జన్ ఉన్న పెద్దాసుపత్రి గానీ చూసుకోండి.

ఇప్పుడు ఆ వాసన సంగతి. రక్తంలో పెరిగిన యూరియా ఉమ్మిలోకి కూడా వస్తుంది. నోట్లోని సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. ఎంత బ్రష్ చేసినా ఇది పూర్తిగా పోదు, నాన్నగారిని శుభ్రత లేదని కోప్పడకండి. నోట్లో ఇనుము రుచి, తిండి సయించకపోవడం కూడా దీనితో వచ్చేవే. ఎప్పుడూ ఉండేదాని కన్నా వాసన బాగా పెరిగితే డయాలసిస్ సరిపోతోందా లేదా అని కిడ్నీ డాక్టరుని అడగండి. నాలుక మీద పేరుకున్న తెల్లటి పొరను రోజూ తీయిస్తే కొంత తగ్గుతుంది.

విచిత్రం ఏమిటంటే ఈ అమ్మోనియాకి ఒక మేలు కూడా ఉంది. అది నోట్లోని ఆమ్లాన్ని విరిచేస్తుంది, కిడ్నీ జబ్బు ఉన్న చిన్నపిల్లల్లో పుచ్చు పళ్ళు తక్కువగా కనిపించడానికి అదే కారణం. పెద్దవాళ్ళలో ఆ లాభం నిలవదు. నోరు ఎండిపోవడం, చిగుళ్ళు కిందికి జారి వేళ్ళు బయటపడటంతో పన్ను మొదట్లో పుచ్చడం మొదలవుతుంది. ఉమ్మి క్షారంగా ఉండటం వల్ల గార కూడా త్వరగా కడుతుంది. మామూలువాళ్ళకు 6 నెలలకు ఒకసారి క్లీనింగ్ చాలంటే, నేను డయాలసిస్ వాళ్ళను 3, 4 నెలలకోసారి రమ్మంటాను.

నోరు ఎండిపోవడం చిన్న విషయం అనుకోవద్దు. దాహానికి నీళ్ళు తాగుతారు, డయాలసిస్‌కీ డయాలసిస్‌కీ మధ్య బరువు పెరుగుతుంది, ఆయాసం వస్తుంది. తాగకుండా నోరు తడుపుకోవడమే కిటుకు. చల్లటి నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేయడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం, రాత్రి పడుకునే ముందు నోటికి పూసే జెల్ వాడటం. ఐసు ముక్క చప్పరించవచ్చు, కానీ దాన్నీ నీళ్ళ లెక్కలో కలపాలి. ఉప్పు తగ్గిస్తేనే అసలు దాహం తగ్గుతుంది, మిగతావన్నీ దాని తర్వాతే. ఇంకోటి ఎవరూ గమనించరు: దురదకి రాత్రిపూట వేసే బిళ్ళ. కిడ్నీ జబ్బులో ఒళ్ళు దురద పెడుతుంది, దానికి ఇచ్చే హైడ్రాక్సిజిన్ లాంటి మందులు నోరు ఎండగొడతాయి. అలాంటిది వాడుతుంటే మార్చగలరేమో అడగండి. సగంమందికి ఈ సంగతి చెప్తే ఆశ్చర్యపోతారు.

చిగుళ్ళ రక్తానికి కారణం చాలావరకు గారే. రక్తం కారుతోందని బ్రష్ మానేస్తే ఇంకా పెరుగుతుంది, మెత్తటి బ్రష్‌తో తోమాల్సిందే. ఒక చిక్కు చెప్పాలి: రక్తహీనత వల్ల కిడ్నీ పేషెంట్ల చిగుళ్ళు పాలిపోయి ఉంటాయి, లోపల జబ్బు ఉన్నా ఎర్రగా కనపడవు. అద్దంలో చూసి బాగున్నాయనుకోకూడదు. చిగుళ్ళ జబ్బుకీ కిడ్నీ జబ్బుకీ రెండు వైపులా సంబంధం ఉంది, ఆ వాపు ఒళ్ళంతా సోకుతుంది. చిగుళ్ళు బాగుచేస్తే షుగర్ అదుపుకి కొంత తోడ్పడుతుంది. కిడ్నీలు మళ్ళీ కోలుకుంటాయని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి.

చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి ఎక్కుతుంటే బీపీ మందు వైపు చూడాలి. నిఫెడిపిన్, ఎమ్లోడిపిన్ వల్ల కొందరికి అలా అవుతుంది, ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత వాడే సైక్లోస్పోరిన్ వల్ల ఇంకా ఎక్కువ. నా దగ్గరకు వచ్చిన ఒకాయనకు ముందు పళ్ళ మధ్య చిగురు బుడిపెల్లా పెరిగి సగం పళ్ళు మూసేసింది. చిగుళ్ళు కోసి తీయాలని ఎవరో చెప్పారట. కిడ్నీ డాక్టరుతో మాట్లాడితే బీపీ మందు మార్చారు, నేను లోతుగా క్లీనింగ్ చేశాను. కొన్ని నెలల్లో చాలావరకు తగ్గింది, కొయ్యాల్సిన పని పడలేదు. మందు మార్చడం వాళ్ళ పని, మీరు ఆపేయకూడదు.

పుచ్చు లేకుండానే పళ్ళు కదులుతుంటే ఎముక సంగతి చూడాలి. కిడ్నీ జబ్బులో పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి దవడ ఎముకలోంచి కాల్షియం లాగేస్తుంది. ఎక్స్‌రేలో పంటి వేరు చుట్టూ సన్నటి తెల్లగీత ఒకటి కనపడాలి, అది మాయమవుతుంది, ఎముక అరిగిన గాజులా మసకగా కనిపిస్తుంది. అలాంటి దవడలో పన్ను బలంగా లాగితే ఎముక విరిగే ప్రమాదం ఉంది. ఎముకల కోసం డెనోసుమాబ్ ఇంజెక్షన్ గానీ, అలెండ్రోనేట్ లాంటి బిళ్ళలు గానీ ఎప్పుడైనా తీసుకుని ఉంటే పీకే ముందే చెప్పాలి, పీకిన చోట ఎముక మానకపోవచ్చు.

ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు పళ్ళు చూపించుకోవాలా అంటే, ఖచ్చితంగా. చాలాచోట్ల నోట్లో ఇన్‌ఫెక్షన్ లేదని పళ్ళ డాక్టరు కాగితం ఇవ్వందే ముందుకు పోరు. మార్పిడి అయ్యాక రోగనిరోధక శక్తిని అణిచే మందులు జీవితాంతం వాడాలి, ఇప్పుడు పన్ను వేరు కింద నిశ్శబ్దంగా ఉన్న చీము అప్పుడు ఊరుకోదు. కొత్త కిడ్నీ పెట్టిన మొదటి 3 నుంచి 6 నెలలు అత్యవసరమైతే తప్ప పళ్ళ పని పెట్టుకోం. కాబట్టి ఈ దవడ పన్నుతోపాటు నోరంతా ఎక్స్‌రే తీయించి, నిలవని పళ్ళు తీసేయించి, నిలిచేవి బాగుచేయించండి. దాత దొరికాక హడావిడి పడే వ్యవధి ఉండదు. తర్వాత కూడా క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్, చివరికి నోటి పూతకు రాసుకునే మైకొనజోల్ జెల్ కూడా రోగనిరోధక శక్తిని అణిచే ఆ మందుల (టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్) స్థాయిని పెంచేస్తాయి. ఏ పళ్ళ డాక్టరు ఏది రాసినా ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుని అడిగి వేసుకోవాలి.

ఇంకా డయాలసిస్ దాకా రాని, క్రియాటినిన్ పెరుగుతున్నవాళ్ళు ఇది చదువుతుంటే, మీ పళ్ళ పనులు ఇప్పుడే చేయించుకోండి. హెపారిన్ గొడవ ఉండదు, రోజులు చూసుకోనక్కర్లేదు. నొప్పి బిళ్ళల సంగతి మాత్రం మీకే ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. పొట్ట డయాలసిస్ చేసుకునేవాళ్ళకూ రోజుల పట్టింపు లేదు.

ఇవి కనిపిస్తే మాత్రం మర్నాడు, డయాలసిస్ అని లెక్కలు వేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి: దవడ కింద వాపు మెడ వైపు జారడం, నోరు తెరవలేకపోవడం, ఉమ్మి మింగలేకపోవడం, చలితో జ్వరం. కాథెటర్ ఉన్నవాళ్ళకు చలిజ్వరం మరీ ప్రమాదం.

టూత్‌పేస్టు మార్చక్కర్లేదు. మామూలు ఫ్లోరైడ్ పేస్టు వాడవచ్చు, మింగకుండా ఉమ్మేస్తే చాలు. ఫ్లోరైడ్ బిళ్ళలు మాత్రం వద్దు. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకండి, ఆమ్లంతో మెత్తబడిన పన్ను అరిగిపోతుంది. నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగి తోమాలి. మౌత్‌వాష్ కొంటే ఆల్కహాల్ లేనిది కొనండి, ఉన్నది నోటిని ఇంకా ఎండగొడుతుంది. క్లోర్‌హెక్సిడిన్ రాస్తే 2 వారాలు దాటించకండి, పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పడతాయి, అసలే తిండి సయించని మనిషికి ఉన్న రుచి కూడా పోతుంది.